పేరులేని కాశీతుంబ

తాండూరు గనుల దగ్గరి వాడలో పొద్దు పొడవగానే ఆడవాళ్లు రాహేలమ్మ పెరట్లోకి వచ్చేవాళ్లు. నిలబెట్టిన నాపబండల నీడలో, పగిలిన కుండల్లో, నూనె డబ్బాల్లో కాశీతుంబలు రంగురంగులుగా పూసేవి. గనికి పోయే ఒక్కొక్క మగవాడికి ఒక్కొక్క చెట్టు. ఎవరి పూలు తెల్లబడితే వాళ్లకు గండం; మళ్లీ రంగు తిరిగేదాకా పనికి పోరు. మబ్బు పడితే గొంగడి తీసుకున్నట్టే. అదొక వింతని ఎవరూ అనుకోలేదు.

పోలీసు యాక్షన్ జరిగి నాలుగైదేండ్లయిన ఆ వానాకాలం, ఒక పొద్దున రాహేలమ్మ మొగుడు మత్తయ్య పూలు ఎర్రగానే ఉన్నాయి. అతన్ని గనికి పంపి, నీళ్లు పోస్తూ గోడ మూలకు వచ్చిన రాహేలమ్మ అక్కడే ఆగిపోయింది. రాలిన గింజకు తనంతట తాను మొలిచిన చెట్టొకటి, ఎవరి పేరునా లేనిది, సున్నం కొట్టినట్టు తెల్లగా పూసి ఉంది.

"గిది ఎవలిదే అక్కా?" అంది పొరుగింటి మొగులమ్మ.

రాహేలమ్మ చెయ్యి ఏడో నెల కడుపు మీదికి పోయింది. ఆ ఇంట్లో ఇంకా పేరు పెట్టనిది కడుపులోని బిడ్డ ఒక్కటే.

అప్పుడే గుత్తేదారు శంకరప్ప కట్టె పట్టుకొని లోపలికి వచ్చాడు. పూలు చూసి మనుషులు పని ఎగ్గొడుతున్నారని ఆయనకు మంట.

"పువ్వు చెప్తే ఇంట్ల పండుకుంటరా? అన్ని పలగ్గొడ్త!"

కట్టె ఎత్తి మూలకు నడిచాడు. ఆయన దగ్గరికి పోగానే, ఎవరూ ముట్టకముందే తెల్లచెట్టు కాయలన్నీ ఒక్కసారిగా చిట్లి, గింజలు ఆయన అంగీ మీద పడ్డాయి.

రాహేలమ్మకు ఊపిరి వచ్చింది. గింజలు ఎవరి మీద రాలితే చెట్టు వాళ్లది; తన బిడ్డది కాదు! ఆ సంతోషానికి తనకే భయమేసింది. చెప్పకుంటే ఎవరడుగుతారు? నిరుడు జరమొచ్చి ఆలస్యమైనందుకు మత్తయ్యను కొట్టింది ఈయనే.

"పటేలా," అంది చివరికి, "అది నీదే. ఇయ్యాల గనికి పోకు."

శంకరప్ప నవ్వబోయాడు. నవ్వు రాలేదు. అరుగు మీద కూలబడ్డాడు.

మధ్యాహ్నం భూమి అదిరింది. కాసేపటికి ఒళ్లంతా దుమ్ముతో మత్తయ్య ఉరికొచ్చాడు.

"గని అంచు కూలింది! పటేలు కూసునే కొట్టం మీదనే పడ్డది. మనోళ్లంత మంచిగున్నరు."

శంకరప్ప లేవలేదు. "బిడ్డా, పువ్వు రంగు తిరిగిందా?" అన్నాడు సన్నగా.

రాహేలమ్మ తొంగి చూసింది. "ఇంకా తెల్లగనే ఉన్నది, పటేలా."

అరుగు మీదికి పాకుతున్న ఎండకు కూడా అందకుండా ఆయన కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు.