చెవిలో చెప్పిన జవాబులు

"ఆక్టోపస్‌కి గుండెలెన్ని?" అని టీవీలో అడిగేసరికి ఒర్నెల్లా వంటగదిలో ఆల్చిప్పల మీద నాచు గీకుతోంది. తల కూడా ఎత్తలేదు.

"మూడు!" అని కేకేసింది.

"మూడు," అన్నాడు హాల్లో సోఫాలో కూచున్న ఆమె మొగుడు ఫౌస్తో, రెప్పపాటు ఆగి, గొంతు సవరించుకుని.

"మూడే!" అన్నాడు టీవీలో యాంకరు.

"అబ్బ, ఏం బుర్రరా నాన్నా నీది!" అంది పక్కనే కూచున్న అత్తగారు దెల్ఫీనా. "టీవీలో ఆ కుర్చీలో కూచోవలసినవాడివి. నా ఖర్మ కాలి ఇక్కడ పడవల రంగులమ్ముకుంటున్నావు."

ఇదేం చోద్యం అని అడిగేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. వంటగదికీ హాలుకీ మధ్య తలుపైనా లేదు. ఒర్నెల్లా కేకేస్తే వీధి చివర చేపల కొట్టువాడికి వినబడుతుంది. అత్తగారివి పాము చెవులు, పొరుగింట్లో స్పూను కింద పడితే ఏ స్పూనో చెప్పగలదు. అలాంటి మనిషికి కోడలు చెప్పిన జవాబు మాత్రం వినబడదు, అదే జవాబు కొడుకు నోట్లోంచి వస్తే చప్పట్లు కొడుతుంది. మొదట్లో ఒర్నెల్లాకి నవ్వొచ్చేది. తర్వాత నవ్వు రావడం మానేసింది. ఈమధ్య ఒళ్ళు మండుతోంది.

వీళ్ళ రేవు ఊరు అంకోనాలోనే కాదు, ఇటలీ దేశం మొత్తం మీద సాయంత్రం వార్తలకి ముందు గంటా క్విజ్‌లదే. వీళ్ళింట్లో చూసేది 'ఏడు మెట్లు'. వార్తల బాజా మోగేసరికి పళ్ళేలు బల్ల మీదుండాలి, పాస్తా పలుకు మీదుండాలి. రెండు నిమిషాలు ఎక్కువ ఉడికితే ఫౌస్తో దాన్ని ఫోర్కుతో ఎత్తి పట్టుకుని "ఇది తినడానికా, గోడకి కాయితాలు అతికించడానికా?" అంటాడు. అందుకని ఐదో మెట్టుకి నీళ్ళు మరగాలి, ఆరో మెట్టుకి పాస్తా పడాలి, ఏడో మెట్టుకి వార్చాలి. ఏడో మెట్టంటే ఆఖరి ప్రశ్న. సరిగ్గా అప్పుడే ముఖం నిండా ఆవిరి, చిల్లుల గిన్నెలోంచి నీళ్ళు పడే హోరు. పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ ఆవిడ ఒక్క ఆఖరి ప్రశ్న కూడా చెవి నిండా విన్న పాపాన పోలేదు. ప్లేట్లు పట్టుకొచ్చి "ఏం అడిగాడేమిటి?" అంటే, "ఏదో నది గురించిలే. ఉప్పు తక్కువేశావు," అంటాడు మొగుడు.

ఈ చెవిలో చెప్పే భాగోతం కూడా నిన్నా మొన్నా మొదలైంది కాదు. పెళ్ళయిన కొత్తలో నలుగురూ భోజనాల దగ్గరుండగా ఫౌస్తో మంగోలియా రాజధాని ఏదో చెప్పబోయి తప్పు చెప్పాడు. ఒర్నెల్లా మామూలుగా, ఉప్పు అందించినంత మామూలుగా, "కాదు, ఉలాన్‌బాతర్," అంది. అంతే. బల్ల దగ్గర అందరి చేతులూ ఆగిపోయాయి. తర్వాత అత్తగారు వంటగదిలోకి వచ్చి, ఎంతో ప్రేమగా భుజం మీద చెయ్యేసి చెప్పింది: "అమ్మాయ్, మొగుణ్ణి నలుగురిలో సరిదిద్దకూడదు. తెలిస్తే చెవిలో చెప్పు. వాడు పైకంటాడు. గౌరవం ఇద్దరిదీనూ." ఇద్దరిదీనట! ఆ గౌరవంలో తన వాటా ఎక్కడుందా అని ఒర్నెల్లా ఇన్నేళ్ళూ వెతుకుతూనే ఉంది. ఫౌస్తో వాటా మాత్రం వీధి మూల కాఫీ బారులో అందరికీ కనబడేది. పొద్దున్నే వెళ్ళి రాత్రి విన్న జవాబులన్నీ అక్కడ వల్లించేవాడు. "ఏం ప్రొఫెసరు గారూ, ఈవేళ ఏం చెబుతారు?" అని కాఫీ ముందు ఆయనకే పెట్టేవాళ్ళు.

ఆఫీసులో మాత్రం ఏం ఒరిగింది? రేవులో ఓడల టికెట్ల కౌంటరు ఆవిడది. గ్రీసుకి ఏ ఓడ, క్రొయేషియాకి ఏ ఓడ, గాలి లేస్తే ఏది ఆగిపోతుంది, అన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ప్రయాణికులు అంతా విని, బుద్ధిగా తలూపి, పక్క కౌంటర్లో నిన్న చేరిన మగపిల్లాడి వైపు తిరిగి "నిజమేనాండీ?" అంటారు. వాడు ఒర్నెల్లా వైపు చూస్తాడు. ఆవిడ తలూపుతుంది. అప్పుడు వాడు "నిజమేనండీ," అంటాడు. అప్పటికి వాళ్ళ మనసు కుదుటపడుతుంది!

ఆ వసంతంలో 'ఏడు మెట్లు' వాళ్ళు జంటల వారం పెట్టారు. మొగుడూ పెళ్ళాలు కలిసి ఆడాలి. పోటీదారుల్ని ఎంచుకోవడానికి అంకోనా కూడా వచ్చారు. బారులో వాళ్ళు ఎగదోస్తే ఫౌస్తో ఇద్దరి పేర్లూ ఇచ్చాడు. ఇద్దరికీ పెట్టిన పరీక్షలో ఎవరికెన్ని వచ్చాయో ఎవరూ చదివి వినిపించలేదు. ఎంపిక చేసే ఆవిడ, చురుకైన మనిషే, మెడలో కళ్ళజోడు వేలాడేసుకుని, ఇద్దర్నీ కూచోబెట్టి తేల్చేసింది.

"మీవారు మాటకారి, కెమెరాకి బాగుంటారు. కుర్చీలో ఆయన కూచుంటారు. మీరు వెనక నుంచుని చెవిలో చెబుతారు. జవాబు కుర్చీలోవాళ్ళ నోటినుంచే రావాలి. వెనకవాళ్ళు పైకంటే ఆట అక్కడితో సరి. మీకో చిన్న పొయ్యీ, ఏప్రనూ పెడతాం. ప్రతి ఇంట్లో ఉండేదే కదా, చూసేవాళ్ళకి సరదాగా ఉంటుంది."

"ఆ కుర్చీలో నేను కూచోకూడదా?" అంది ఒర్నెల్లా.

ఆవిడ ఫౌస్తో వైపు చూసింది. ఫౌస్తో నవ్వాడు. "ఒకసారి మారొచ్చు," అంది ఆవిడ. "ఏడో మెట్టు ముందు యాంకరు అడుగుతారు. కుర్చీలో ఉన్నవాళ్ళు ఒప్పుకుంటే చాలు."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఒర్నెల్లా అడిగింది. జీవితంలో మొదటిసారి బతిమాలినంత పని చేసింది. "ఫౌస్తో, ఆరు మెట్లూ నువ్వే ఎక్కు. నేను నీ చెవిలో చెబుతూనే ఉంటాను. ఆ ఆఖరి ప్రశ్న ఒక్కటీ నాకివ్వు. ఒక్కసారి కుర్చీలో కూచుని, నా నోటితో నేను చెబుతాను. అంతకంటే ఏమీ అక్కర్లేదు."

"సరేలే. నీకంటే ఎక్కువా?" అన్నాడు ఫౌస్తో.

"మాటేనా?"

"మాటే. ఆ చీజ్ ఇలా ఇవ్వు."

గెలిస్తే ఇచ్చేది బంగారు బిళ్ళల్లో ఇస్తారు. ఫౌస్తో అప్పుడే పడవ కొనేశాడు, అంటే మనసులో. దానికి పేరు కూడా పెట్టేశాడు: దెల్ఫీనా. వాళ్ళమ్మ ఆ మాట విని కళ్ళొత్తుకుంది. ఒర్నెల్లా కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. పడవకి ఎవరి పేరైనా పెట్టుకోనీ, తనకి కావలసింది ఒక్క కుర్చీ, ఒక్క ప్రశ్న.

రికార్డింగు రోజు రోమ్‌లో, మధ్యాహ్నం. స్టూడియోలో నిజంగానే ఉత్తుత్తి పొయ్యి పెట్టారు, దాని మీద ఖాళీ గిన్నె. ఏప్రను మీద కోడిపిల్లలు. యాభై దాటిన మనిషిని, బొలోన్యా యూనివర్సిటీలో భూగోళం చదువుకున్న మనిషిని, కోడిపిల్లలు కట్టి నుంచోబెట్టారు! అయినా కట్టుకుంది. ఏడో మెట్టు ఉంది కదా అని కట్టుకుంది. మొదటి వరసలో అత్తగారు మంచి కోటేసుకుని, జుట్టు సెట్ చేయించుకుని కూచుంది.

మొదటి మెట్టు దాటారు. రెండోదీ, మూడోదీ దాటారు. ప్రశ్న రాగానే ఫౌస్తో కుర్చీలో కాస్త వెనక్కి వాలేవాడు. ఆవిడ చెవిలో చెప్పేది. అతను గడ్డం రాసుకునేవాడు, పైకప్పు చూసేవాడు, కళ్ళు మూసుకునేవాడు, ఆనక అనేవాడు. ఎంత నటనో! చెప్పిన ముక్క చెప్పడానికి అంత ఆలోచన దేనికో! జనం చప్పట్లు కొడుతుంటే లేచి దండాలు పెట్టేవాడు. ఐదో ప్రశ్నకి యాంకరు ముచ్చటపడి, "ఇంత జ్ఞానం ఎలా వచ్చింది, ఫౌస్తో గారూ?" అనడిగాడు. ఫౌస్తో చెయ్యి ఊపి, "ఏముందండీ, చిన్నప్పట్నుంచీ కుతూహలం," అన్నాడు. వెనకాల ఒర్నెల్లా ఖాళీ గిన్నె వైపు చూస్తూ నుంచుంది. పోనీలే, ఇంకా రెండే, అనుకుంది. పోనీలే, పోనీలే అనుకునే కదా ఇంతదూరం వచ్చింది.

ఆరో మెట్టు కూడా అయింది. దీపాలు తగ్గించారు. యాంకరు గొంతు తగ్గించి, "ఏడో మెట్టు. ఫౌస్తో గారూ, మీ ఆవిడకి కుర్చీ ఇస్తారా?" అన్నాడు.

ఒర్నెల్లా అప్పటికే ఒకడుగు ముందుకేసింది.

ఫౌస్తో వెనక్కి తిరిగైనా చూడలేదు. కుర్చీ చేతుల్ని ఇంకా గట్టిగా పట్టుకుని, "ఎందుకండీ? ఆవిడకి నుంచోవడం అలవాటే!" అన్నాడు.

స్టూడియో అంతా గొల్లుమంది. యాంకరు నవ్వాడు. కెమెరా తోసేవాళ్ళు నవ్వారు. అత్తగారైతే తొడ చరిచి మరీ నవ్వింది.

ఆ నవ్వు ఒర్నెల్లా మీద వేడినీళ్ళలా పడింది. ముందు చెవులు కాలాయి, తర్వాత మెడ, తర్వాత ఒళ్ళంతా. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు. దాని బదులు ఏదో తేలికైంది. ఇంక వాడి దగ్గర అడగడానికేమీ లేదు. ఇస్తాడని ఎదురుచూడటానికీ ఏమీ లేదు. అలవాటేనట! ఎవరు చేశారురా అలవాటు?

"ఆఖరి ప్రశ్న," అన్నాడు యాంకరు. "ఏ గ్రహం మీద రోజు, దాని ఏడాదికంటే పొడుగు?"

ఫౌస్తో మామూలుగానే వెనక్కి వాలాడు. చెవి ఇటు పెట్టాడు.

ఒర్నెల్లా వంగలేదు. కుర్చీ చుట్టూ తిరిగి, కోడిపిల్లల ఏప్రనుతోనే, అందరి ముందుకూ వచ్చి నుంచుంది. ఫౌస్తో "ఏయ్, ఏయ్" అని చెయ్యి పట్టుకోబోయాడు. అందలేదు.

"శుక్రుడు," అంది. చేపల కొట్టుదాకా వినబడే గొంతుతోనే అంది. "శుక్రగ్రహం. అది తన చుట్టూ తాను తిరిగేలోపు సూర్యుడి చుట్టూ తిరిగి వచ్చేస్తుంది. అక్కడ ఏడాది అయిపోతుంది, రోజు అవదు."

ఎక్కడో బజరు మోగింది. యాంకరు చేతిలో కార్డు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. పాపం, అతనికి నిజంగానే బాధేసింది. "జవాబు సరైనదేనండీ," అన్నాడు. "కానీ నియమం ప్రకారం..."

"కంగారులో నోరు జారిందండీ!" ఫౌస్తో కుర్చీలోంచి లేచిపోయాడు. "ఆడమనిషి, కెమెరాలు కొత్త. లెక్కలోకి తీసుకోకండి. చెప్పవే, నోరు జారిందని చెప్పు!"

"జారలేదు," అంది ఒర్నెల్లా. "నియమం నాకు తెలుసు. తెలిసే అన్నాను."

బయట నడవాలో అత్తగారు ఎదురొచ్చి, "ఏమే, నీ కళ్ళు చల్లబడ్డాయా? బంగారం లాంటి పడవని ముంచేశావు కదే!" అంది. ఫౌస్తో ముఖం కందిపోయింది. "గుసగుసగా ఒక్క ముక్క! ఇన్నేళ్ళూ చెప్పలేదూ? ఈ ఒక్కసారి చెవిలో చెబితే నీ సొమ్మేం పోయేది?"

"ఇన్నేళ్ళూ పోయింది నా సొమ్మే, ఫౌస్తో." ఏప్రను విప్పి అతని చేతిలో పెట్టింది. "మీరిద్దరూ రైలెక్కండి. నేను రేపొస్తాను. వచ్చాక మాట్లాడుకుందాం, గట్టిగానే మాట్లాడుకుందాం."

"రేపేమిటి? రాత్రికి వంటో?" అంది అత్తగారు.

ఒర్నెల్లా అప్పటికే మెట్లు దిగిపోతోంది.

స్టేషన్ దగ్గర సందులో నాలుగు బల్లలున్న చిన్న హోటలు కనబడితే లోపలికెళ్ళి గోడవారగా కూచుంది. చెప్పులు విప్పేసింది. వడ్డించే ఆవిడ, తన ఈడుదే, చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏం తెమ్మంటారమ్మా?" అంది.

"పాస్తా... పలుకు మీదుండాలి, మావారికి మెత్తబడితే..." అని ఆగిపోయింది. వెల్లుల్లి వద్దు అనబోయింది. వెల్లుల్లి పడనిది అత్తగారికి.

ఆ వడ్డించే ఆవిడ ఎదుటి ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూసింది. "ఆయన లేరు కదమ్మా. మీకేం ఇష్టం?" అంది.

ఒర్నెల్లా నోరు తెరిచింది. పొద్దుట్నుంచీ అడిగిన ప్రశ్నలన్నిటిలోకీ ఆవిడకి జవాబు తెలియనిది అదొక్కటే.