వదలని పిడికిలి

సెపియా కుడి పిడికిలి ఒకసారి మూసుకుందంటే తనంతట తాను తెరుచుకోదు. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది. కాలు దారికొచ్చింది, మాట దారికొచ్చింది. వేళ్లు మాత్రం పట్టినదాన్ని వదలవు, భర్త దెరామన్ వచ్చి ఒక్కొక్కటీ విప్పాలి. ఉండేలు కొట్టే మనిషికి ఇంతకన్నా శాపం ఏముంది? లాగడం ఎవరైనా లాగుతారు, విద్యంతా వదలడంలోనే ఉంది.

కెలంతాన్ రాష్ట్రంలోని వాళ్ల ఊళ్లో శుక్రవారం నమాజు అయ్యాక రబ్బరు తోట పక్కన ఉండేలుతో డబ్బాలు కొట్టే పోటీ జరుగుతుంది. ఇరవై ఏళ్లుగా అక్కడ సెపియాదే పైచేయి. కొట్టడం మానుకున్నవాళ్లు తమ ఉండేలును అక్కడి పాక గుంజకు తగిలించేయడం ఆనవాయితీ. సెపియా ఇంకా తగిలించలేదు.

"కొట్టగలిగితే వస్తా. చూసేవాళ్ల బల్ల మీద కూచోడానికైతే నన్ను పిలవకు," అని దెరామన్‌కు తేల్చి చెప్పేసింది.

దెరామన్ సైకిళ్లు బాగుచేస్తాడు. జామకర్రను ఆమె పిడికిట్లో ఇమిడేలా చెక్కి, దాని ముందు ఉండేలులో గోళీ పెట్టే తోలుముక్కను పట్టుకునే కొక్కెం, కొక్కేనికి ఒక మీట అమర్చాడు. మీట నుంచి ఉండేలు పంగకు దారం కట్టాడు. చెయ్యి వెనక్కి లాగేకొద్దీ దారం బిగుస్తుంది, మీట కదులుతుంది, కొక్కెం తోలును వదిలేస్తుంది. వేళ్లతో పనే లేదు. మొదట చేసినది సగం లాగగానే తోలును వదిలేయడంతో గోళీ వెళ్లి కోడిపుంజుకి తగిలింది.

"కూర కావాలంటే అడగొచ్చుగా," అంది సెపియా. ఎనిమిది నెలల్లో ఆమె నవ్వడం అదే మొదలు. దెరామన్‌కు ప్రాణం లేచొచ్చింది.

శుక్రవారం అందరి ముందూ లాగింది. దారం బిగియలేదు. ఆమె పూర్వం చెవి దాకా లాగేది, దెరామన్ ఆ కొలతే పెట్టాడు. ఇప్పుడు చెయ్యి గడ్డం దగ్గరే ఆగిపోయింది. ముందుకు పోలేక, వెనక్కి రాలేక భుజం వణికిపోతోంది. దెరామన్ పరుగెత్తి ఆమె చెయ్యి దించి, తల వంచుకుని దారం కురచయ్యేలా ముడి మీద ముడి వేశాడు.

"ఇప్పుడు లాగవే!"

డబ్బా ఖంగుమంది. జనం కేకలు పెట్టారు. పాత ప్రత్యర్థి అవాంగ్ అందరికన్నా గట్టిగా అరిచాడు. దెరామన్ సిగ్గు విడిచి ఏడ్చేశాడు.

ఇంటికొచ్చాక కూడా అతని సంబరం తగ్గలేదు. "వచ్చే వారానికి మీట ఇంకాస్త సన్నం చేస్తా."

"డబ్బా ఎక్కడుందో చూశావా?" అంది సెపియా.

"ఎక్కడుంటుంది? పది అంగల్లో."

"నాలుగంగల్లో. నువ్వు ముడులేస్తుంటే అవాంగ్ తెచ్చి పెట్టాడు. అందరూ చూశారు, ఒక్కడూ నోరెత్తలేదు."

"వాడు మంచికేలే..."

"అదే కదయ్యా నా ఏడుపు! ఇరవై ఏళ్లు నన్ను చూస్తే కుళ్లుకున్నాడు. ఇవాళ జాలిపడ్డాడు."

సెపియా ఎడమ చేత్తో ఉండేలును అతని ముందుకు తోసింది.

"వెళ్లి తగిలించి రా," అంది.

జామకర్ర ముక్క ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది. దెరామన్ ఎదురుగా కూర్చుని, నొప్పి కలగకుండా ఒక్కో వేలూ విప్పాడు. దారం తెంపి ఆ కర్రముక్కను జేబులో వేసుకున్నాడు. ఉండేలు తీసుకుని పాక వైపు నడిచాడు.