నా నెత్తి మీది యాభై కిలోలు

నేను ఒక ఇనుప గుండుని. నా కథ నా నోటితో నేను చెప్పుకునేలోపే ఇప్పటి నా యజమాని పక్కింటి సన్యాసమ్మ ఊరంతా చాటేసింది. ఆమె చిన్నాన్న కూతురు విశాఖలో ఒక షెడ్డు పక్కన కాపురం ఉంటుందట. ఆ షెడ్డులో ఆరేళ్లుగా పడి ఉన్న కారవాన్ గాలి లేని పూట కూడా ఒకసారి ముందుకీ, ఒకసారి వెనక్కీ మొగ్గుతుందట. ఎంత ఎండలోనైనా కుక్క దాని నీడన పడుకోదట. "ఆకరికి మన వరహాలు కొన్నాడు. కొనీవోడికి కళ్లుండాలి గానీ అమ్మీవోడికెందుకూ?" అని ముక్తాయించిందట. పుకారుని నమ్మడం బరువు, పంచడం తేలిక. మనుషులు ఎప్పుడూ తేలికైన పనే చేస్తారు.

నా పుట్టుక విశాఖ రేవులో. విరగ్గొట్టిన ఓడ ఇరుసు ముక్కని లేతు మిషను మీద బిగించి, మస్తాన్ అనే పనివాడు నన్ను పెద్ద నిమ్మకాయంత గుండుగా చెక్కాడు. గుండు కింద మెడ, మెడ కింద మర. నన్ను బండి వెనక బిగిస్తారు. కారవాన్ అంటే చక్రాల మీది ఇల్లు, సొంత ఇంజను లేనిది. దాని మూతి తెచ్చి గిన్నె బోర్లించినట్టు నా నెత్తి మీద పెట్టి గొళ్లెం వేస్తారు. ఇక ముందున్నది ఎంత రొప్పుతోందో, వెనకున్నది ఎంత మొరాయిస్తోందో నాకు తెలిసినట్టు తోలేవాడికి కూడా తెలియదు. పెళ్లి కుదిర్చిన పాపానికి ఇరువైపులా తిట్లు తినే మధ్యవర్తి బతుకు నాది.

నా మొదటి యజమాని గుప్తేశ్వరరావు. సంతల వెంట తిరుగుతూ కళ్లజోళ్లు అమ్మేవాడు. కారవానే దుకాణం, అదే ఇల్లు. ముందున్న కారు ఆయనకన్నా నాలుగేళ్లే చిన్నది. ఇంత బరువు లాగగలదని దాని కాయితాల్లో రాసి ఉంది. అది కారు పుట్టినప్పటి మాట. ఆ తర్వాత దాని అడుగురేకు తుప్పు తిన్నది, బ్రేకులు మెత్తబడ్డాయి, క్లచ్చికి ఉబ్బసం పట్టింది. ఊరందరి చూపూ సరిచేసే ఆ పెద్దమనిషి ఇవేవీ చూడలేదు.

ఆయన తాతలు బళ్లు తోలినవాళ్లు. బండివాళ్లకొక పద్ధతి ఉంది. బండి ఎగువకి ఎక్కుతుంటే బరువు వెనక్కి జారి కాడి పైకి లేస్తుంది, ఎద్దు మెడపట్టు బిగిసి ఊపిరాడదు. అందుకని లోపలి మనిషి ముందుకి జరిగి కూర్చోవాలి. దిగువకి దిగుతుంటే బరువంతా ఎద్దుల మెడల మీద పడుతుంది. అప్పుడు వెనక్కి పోవాలి. గుప్తేశ్వరరావు ఈ పద్ధతిని కారవాన్‌కి అంటగట్టాడు. భార్య అచ్చియ్యమ్మని లోపల నిలబెట్టాడు. పట్టుకోవడానికి ముందొకటి, వెనకొకటి తాడు ఉచ్చులు కట్టాడు. కిటికీలోంచి "ఎగువ!" అని అరిస్తే ఆమె ముందుకొచ్చేది, "దిగువ!" అంటే వెనక్కి పోయేది. పదకొండేళ్లు ఆమె అడుగులు నా నెత్తి మీద లెక్కపెట్టుకున్నాను. బక్కమనిషి. యాభై కిలోలు.

ఎద్దుల నడకలో అది ధర్మమే. కారు పరుగులో మాత్రం తోక బరువెక్కిందంటే తోక ఊగుతుంది. ఒక ఘాట్ దిగువలో ఆయన "దిగువ!" అన్నాడు. ఆమె వెనక్కి పోయింది. నా నెత్తి తేలికైంది. కారవాన్ ఒకసారి ఊగింది, రెండోసారి ఇంకా ఎక్కువ ఊగింది, మూడోసారికి కొండకేసి కొట్టుకుంది. అచ్చియ్యమ్మ బతకలేదు. చూడవచ్చిన వాళ్లు నా చుట్టూ చేరి, "ఇంత జరిగినా గుండు పట్టు వదల్లేదురా, ఏం ఇనుమో!" అని మెచ్చుకున్నారు. నా జన్మలో నేను విన్న పొగడ్త అదొక్కటే.

ఆయన మళ్లీ బండెక్కలేదు. కారవాన్‌ని బాగుచేయించి, రంగు కొట్టించి, నన్ను విప్పి దానిలోనే పడేసి అమ్మకానికి పెట్టాడు. కొన్నది నర్సీపట్నం వరహాలు. లంబసింగిలో పొగమంచు చూడటానికి వచ్చే పట్నం జనానికి దాన్ని అద్దెకిస్తాడట. ఒక దంపతులు అప్పుడే శనివారానికి మాట్లాడుకున్నారు కూడా. కారవాన్‌లో మనిషి పోయిన సంగతి ఆయన చెప్పలేదు, వరహాలు అడగలేదు.

ఈసారి నన్ను బిగించింది వరహాలు ముసలి డీజిలు జీపుకి. మెకానిక్కు మేస్త్రి దాని కింద పడుకుని ఒక పూటంతా చూశాడు. "జీపు పదమూడొందల కిలోలు. ఎనకది దీని బరువులో నూటికి ఎనభై అయిదు పాళ్లు దాటకూడదు. అంటే పదకొండొందలు. బండి ముసిల్ది కాబట్టి ఇంకా తక్కువుంటే మంచిది" అన్నాడు. కారవాన్ రేకు మీద వెయ్యీ నలభై అని చెక్కి ఉంది. వరహాలు మొహం వెలిగింది.

వరహాలు మామ దేముడు మాత్రం నవ్వాడు. నలభై ఏళ్లు చెరుకు బళ్లు తోలిన మనిషి. "ఎద్దుకి పళ్లు సూసి కాడి కడతారు అల్లుడూ, జాతకం సూసి కాదు. కాటా ఎయ్యించు."

విశాఖ నుంచి తెచ్చే దారిలో, బళ్లు తూచే చెరుకు కాటా దగ్గర జీపు విప్పి, కారవాన్ ఒక్కదాన్నే పళ్లెం మీదికి తోశారు. మిట్టమధ్యాహ్నం. కిటికీలోంచి గుమస్తా తల బయటికి పెట్టి, "నోపల కూకున్నోల్ని దింపండి బాబూ, కాటా తేల్తన్నేదు" అని కేకేశాడు.

"నోపలెవులూ నేరు" అన్నాడు వరహాలు.

గుమస్తా చీటీ చేతిలో పెట్టాడు. వెయ్యీ తొంభై.

యాభై కిలోలు! వరహాలు భార్య నూకరత్నం తలుపు తీసి చూసింది. లోపల మంచం లేదు, పొయ్యి లేదు. రెండు కొసలా రెండు తాడు ఉచ్చులు మాత్రం వేలాడుతున్నాయి. చేతులు పట్టీ పట్టీ నునుపు దేలిన ఉచ్చులు.

"సెక్క నీళ్లు తాగుంటాదిలే" అన్నాడు దేముడు. కానీ ఆ ఉచ్చుల వంక ఆయన చాలాసేపు చూశాడు.

మళ్లీ నా నెత్తి మీద మూతి పెట్టి లంబసింగికి బయలుదేరారు. వరహాలు తోలుతున్నాడు, పక్కన నూకరత్నం, వెనక బల్ల మీద కారవాన్‌కేసి తిరిగి దేముడు. దారిలో రైలు వంతెన ఎగువ వచ్చింది. ఏటవాలుకి కారవాన్ బరువు వెనక్కి జారాలి, నా నెత్తి తేలిక పడాలి. తేలిక పడలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అడుగులు ముందుకొచ్చాయి. ఆగాయి. బరువు నా మీద కూర్చుంది. వంతెన నెత్తికెక్కి దిగువ మొదలవగానే అడుగులు వెనక్కి వెళ్లాయి. ఎవరూ "దిగువ!" అని అరవలేదు. ఆమెకి అరుపు అవసరం లేదు.

నాకు చేతనైంది ఒక్కటే, కిర్రుమనడం. గట్టిగానే అరిచాను. అంతలో తోక ఊగింది. ఒకసారి. రెండోసారి. వరహాలు అదృష్టవశాత్తూ బ్రేకు మీద కాలు గట్టిగా వెయ్యలేదు, మెల్లగా వేగం చంపాడు. ఊపు ఆగింది. జీపు పక్కకి ఆపి దిగివచ్చి, నా నెత్తి మీద ఇంత గ్రీజు పూశాడు. అరిచినదానికి మనుషులు చేసే వైద్యం అంతే.

ఘాట్ మొదట్లో, కొండ నీడలో ఆగేసరికి వరహాలు ఒక నిర్ణయానికి వచ్చేశాడు. "మావా, నువ్వెప్పుడూ సెప్పే ఎడ్లబండి పద్దతే సేద్దాం. నూకరత్నం ఎనక ఎక్కుతాది. ఎగువకి ముందుకొస్తాది, దిగువకి ఎనక్కెల్తాది. అప్పుడింక ఊగదు."

దేముడు అడ్డంగా తల ఊపాడు. "అది ఎడ్లబండి మాట అల్లుడూ."

"అత్త ఇరవయ్యేళ్లు అలాగే కూకుందని నువ్వే కదా సెప్పేవు? మీసం తిప్పి మరీ సెప్పేవు."

"సెప్పేను. దాని సేతులు కాయలు కాసిపోనాయని సెప్పలేదు. ఇను. ఇందాకల వంతెన మీద ఇది ఎగువకి తేలాల, మొగ్గింది. దిగువకి మొగ్గాల, తేలింది. జీపు ఎనకభాగం నా కళ్లారా సూసేను. నోపలెవులో సర్దతన్నారు."

"సర్దితే మంచిదే కదా మావా! ఇద్దరైతే ఇంకా బాగా సర్దుతారు" అని నవ్వాడు వరహాలు. తర్వాత భార్యవైపు తిరిగి, "బేగెక్కవే, శనివారానికి జనం వచ్చేత్తారు" అన్నాడు.

నూకరత్నం మెట్టు మీద కాలు పెట్టింది. నాకు గుండె లేదు గానీ, ఉంటే అప్పుడే ఆగేది. ముందు జీపు మూతి ఎగువకి తిరిగి ఉంది. అందుకని లోపలి అడుగులు ఎప్పుడో ముందుకి వచ్చి, నా నెత్తి మీద బరువు పెట్టి, కదలికకోసం ఎదురుచూస్తున్నాయి. గాలి లేదు. వెనక ఉచ్చు నిలకడగా వేలాడుతోంది. ముందు ఉచ్చు మాత్రం ఎవరో పట్టుకుని లాగినట్టు బిగిసి ఉంది.

నూకరత్నం లోపలికి వంగి ఆ ఉచ్చు మీద చెయ్యి వేసింది. తాడు వెచ్చగా ఉంది. అప్పటిదాకా ఎవరో పట్టుకుని కూర్చున్న తాడు ఎంత వెచ్చగా ఉంటుందో అంత. నా మీది బరువు ఒక్క అడుగు పక్కకి జరిగింది, వచ్చినామెకి చోటిస్తున్నట్టు.

నూకరత్నం చెయ్యి తీసేసింది. మెట్టు దిగింది. తలుపు నెమ్మదిగా, లోపల ఎవరో పడుకున్న ఇంటి తలుపు వేసినట్టు వేసింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ మొగుడి ఎదటికి వచ్చి నిలబడింది.

"ఏటే, ఎక్కవా?" అన్నాడు వరహాలు.

"నువ్వు నిలబెట్టాలనుకున్న సోట్లో ఒకావిడ ముందే నిలబడున్నాది. ఎవుడు నిలబెట్టేడో, ఇంకా దిగమన్లేదు. నేనెక్కను."