చిన్నవ్వ గొంతు

అరబ్బు దేశంలో మేం రోడ్డు పనికి వచ్చిన మబేలాలో శుక్రవారం పట్టపగలు, మా అందరి కళ్ల ముందే, జహీరుద్దీన్ నేల మీద దుప్పటి పరిచి అమ్ముకునే పాత క్యాసెట్లన్నీ అధికారులు గోనెసంచుల్లోకి ఎత్తారు. కొన్న పాటను మళ్లీ అమ్మడం నేరమని కొత్త చట్టమట. ఏసీ దుకాణాల్లోకి ఎవరూ తొంగి కూడా చూడలేదు. ఏ చట్టమైనా ముందు వంగేది బీదవాడి దుప్పటి మీదికే.

జహీరుద్దీన్ మా నిజామాబాద్ వాడే. మేం అతని దగ్గర పాత క్యాసెట్లు కొని ఊరికి పంపేవాళ్లం. ఇంటివాళ్లు ఆ పాటల మీదే తమ మాటలు నింపి తిప్పి పంపేవాళ్లు. పైన సినిమా బొమ్మ, లోపల ఇల్లు.

మా రూములో ఉండే పోచన్న తల్లి చిన్నవ్వ, మాటలకు బదులు నాట్లేసేవాళ్లు మునుం పట్టి, వరుసగా సాగుతూ పాడే నాటుపాట పంపింది. తన చరణం పాడి, వంతపాటకు జాగా వదిలి ఆగేది. డ్యూటీ దిగి వచ్చి రూమంతా ఆ జాగాలో గొంతు కలిపేవాళ్లం. ఎండాకాలంలో ఆమె చనిపోయింది. పోచన్నకు సెలవివ్వలేదు. టేపు తెగితే అతికించమని మొన్ననే క్యాసెట్టును జహీరుద్దీన్‌కిచ్చాడు. అదీ సంచిలో పడింది.

"సాబ్, గదొక్కటి అమ్మేది గాదు! గండ్ల మా అవ్వ ఉన్నది!" అని పోచన్న వెంటపడ్డాడు.

అధికారి సినిమా బొమ్మ చూపించి నవ్వాడు.

ఆ సాయంత్రం రూములో గొడవ.

"పాస్‌పోర్టులు కంపెనీ చేతుల ఉన్నయ్. నోరు లేస్తే వీసా క్యాన్సల్ గొట్టి ఇంటికి తోలుతరు. క్యాసెట్ కోసం నౌకరి పోగొట్టుకుంటమా?" అన్నాడు ముసలి మేస్త్రీ గంగాప్రసాద్.

"ఇయ్యాల గొంతు గుంజుకపోయిండ్రు. రేపు అడగనీకి నోరు యాడికెల్లి తెస్తవే?" అన్నాడు రోలరు నడిపే రఘుపతి.

పొద్దున ఆ అధికారుల ఆఫీసుకెళ్లి చేతులు జోడించాం. వాచ్‌మన్ గేటు కూడా తీయలేదు.

ఆ సంచులు మా సైటుకే వచ్చాయి. రోలరుతో తొక్కించడానికి రోడ్డు మీద కుమ్మరించారు.

"యల్లా, చలావ్!" అంటూ రోలరు నడపమని ఫోర్‌మన్ అరిచాడు.

రఘుపతి ఇంజను ఆపి దిగాడు. "మా తమ్ముడు పోచన్న తల్లిని నేన్ తొక్కియ్య."

రెండో డ్రైవరును పిలిచారు. అతనూ చేతులు కట్టుకున్నాడు. చివరికి ఫోర్‌మనే రోలరెక్కాడు. ప్లాస్టిక్కు పటపటమంది. నల్లటి టేపు చక్రాలకు చుట్టుకుంది. మేం చూస్తూ నిలబడ్డాం.

ముందు ఇంజను ఆపినందుకు రఘుపతిని అధికారులు జీపెక్కించారు. అప్పుడు, ఎన్నడూ వంతపాటే తప్ప పాట ఎత్తుకోని పోచన్న, తల్లి చరణం ఎత్తుకున్నాడు.

"ఈ మునుం నాది, ముందటి మునుం ఎవలిదే?"

"మాదే అవ్వా, మాదే!" అన్నాం.

ఆపమని, ఎవరి పాటని ఫోర్‌మన్ రోలరు మీది నుంచే అరిచాడు. "బంద్ కరో! కిస్కా గానా హై యే?"

"మాదే!" మేస్త్రీ గంగాప్రసాద్ గొంతు అందరికన్నా ముందు లేచింది.

పోచన్నను కూడా జీపెక్కించారు. ఇద్దరినీ మళ్లీ చూడలేదు. మరునాడు డ్యూటీ బస్సు మా రూముల ముందు చాలాసేపు హారన్ కొట్టి, ఖాళీగా వెళ్లిపోయింది.