గున్నమ్మ చెవులు, గున్నమ్మ పొగ

చోడవరంలో చెరుకు బళ్ళు పోయే వీధిలో ఉండే గున్నమ్మకి పొద్దున్నే మూడు పనులు. గేదెకి కుడితి పెట్టడం, మొగుడు పరదేశిని తిట్టి నిద్ర లేపడం, చుట్ట ముట్టించడం. మూడోది ముందు జరిగితేనే మిగతా రెండూ జరిగేవి.

ఆమెది అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో, ఉత్త కొస బయట. పధ్నాలుగో ఏట వానలో ఊడ్పులకి వెళ్ళినప్పుడు, చినుకు పడి చుట్ట ఆరిపోకుండా తల్లి అచ్చియ్యమ్మ నేర్పిన విద్య అది. నలభై ఏళ్ళయింది. గున్నమ్మ నాలుక ఒక్కనాడూ కాలలేదు గానీ, ఆ నాలుకతో కాలినవాళ్ళు వీధిలో చాలామందే ఉన్నారు.

అచ్చియ్యమ్మ పోతూ పోతూ కూతురికి తన రాళ్ళకమ్మలు ఇచ్చింది. మంచి బరువైన కమ్మలు. అవి పెట్టుకునే యోగం గున్నమ్మకి ఆరేళ్ళే పట్టింది. చెరుకు మోపు ఎత్తుకుంటుంటే ఆకు చిక్కుకుని ఒక చెవి తమ్మె తెగింది. రెండోది బరువుకి సాగి సాగి దానంతటదే తెగింది. అప్పటినుంచి కమ్మలు బియ్యం డబ్బాలో, చీర చెంగు చెవుల మీద. తోటికోడలు రాజులమ్మ మాత్రం ప్రతి పెళ్ళిలోనూ నలుగురి మధ్యా అడిగేది, "అక్కా, కమ్మలెట్టుకోనేదేటే?" అని. ఆ మాట విన్న రోజున గున్నమ్మకి అన్నం సహించేది కాదు.

డెబ్బై మూడులో, విశాఖపట్నం పోర్టులో పనిచేసే తమ్ముడు కొండబాబు ఒక కబురు తెచ్చాడు. అక్కడి పెద్దాసుపత్రిలో తెగిన చెవులు అతుకుతున్నారట. దాన్ని ప్లాస్టిక్ సర్జరీ అంటారట.

"పిలాస్టిక్ సెవులేటిరా? బిందెలే ఎండకి పగిలిపోతన్నాయి," అన్నాడు పరదేశి.

"నీకు తెలీదు బావా, ఊరుకో. మా అప్ప సొంత సెవులే కుట్టి అతుకుతారు."

గున్నమ్మ మర్నాడే బస్సెక్కింది.

డాక్టరు రమణమూర్తి చెవులు రెండూ పట్టి చూశాడు. చేస్తానన్నాడు. "కానీ ఉన్న తమ్మె ఇంతే. ఈసారి అతక్కపోతే మళ్ళీ కుట్టడానికి చర్మం మిగలదు. చుట్ట కాలిస్తే నెత్తురు సరిగ్గా ఆడదు, కుట్టు మానదు. ఆపరేషనుకి మూడు వారాల ముందు మానాలి. తరవాత మూడు వారాలూ ముట్టుకోకూడదు," అన్నాడు, జేబులో ఉన్న సిగరెట్టు పెట్టె కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

"నానెక్కడ కాలుస్తన్నాను బాబూ? నిప్పు నోట్లోనే ఉంటాది. పొగ బయటికే రాదు. కాల్చడమంటే మగోళ్ళు కాలుస్తారు, ఊరంతా కంపు సేసి."

"బయటికి రాకపోతే ఎక్కడికి పోతుందమ్మా?"

గున్నమ్మ ఈ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంటికొచ్చి చుట్ట మానేసిన మూడోరోజున జవాబు దొరికింది. పొద్దున్న తుమ్మితే పొగ బయటికొచ్చింది. మధ్యాహ్నందాకా వస్తూనే ఉంది. నలభై ఏళ్ళ పొగంతా వచ్చి, దూడంత అయ్యి, అరుగు మీద కూర్చుంది.

పక్కింటి పైడితల్లి మిరపకాయలు ఎండబెట్టుకోడానికి వచ్చి, "కాసింత జరగే అమ్మా," అంది దానితో. పొగ జరిగింది.

"అన్నం తింటాదేటి?" అని అడిగాడు పరదేశి.

"నువ్వు తిన్నాక మిగిల్తే కదా," అంది గున్నమ్మ.

అది ఆమె ఎటు వెళితే అటు వచ్చేది. నూతి దగ్గరికి, గేదె దగ్గరికి, సంతకి. ముద్దు చేస్తే ముక్కులోకి దూరిపోదామని చూసేది. అప్పుడు గున్నమ్మ చెంగుతో విసిరి, "ఎలిపో, డాక్టరు వొద్దన్నాడు," అని కసిరేది. కసిరాక మనసు ఉసూరుమనేది. ఆపరేషనుకి వెళ్ళేరోజున అది కూడా బస్సెక్కింది. కండక్టరు ఎగాదిగా చూసి, సీటు ఖాళీ చేసి గున్నమ్మ కాళ్ళ దగ్గర కూర్చోమని దానికి చెప్పాడు. ఆసుపత్రిలో నర్సు నూకరత్నం దాన్ని వార్డు గుమ్మంలోనే ఆపేసింది. "సూడ్డానికొచ్చేవోళ్ళు నాలుగు గంటలకి రావాలి," అంది. పొగ నాలుగింటిదాకా గోడ మీద కూర్చుంది.

చెవులకి కట్లతో గున్నమ్మ ఇల్లు చేరింది. వారానికి కుట్లు తీశారు. తమ్మె ఇంకా ఎర్రగా, మెత్తగా ఉంది, లాగితే ఊడేలా. పరదేశి తేల్చి చెప్పాడు. "ఇనుకో. ఈసారి అతక్కపోతే ఆ కమ్మలు కరిగించి కోడలికి గొలుసు సేయించేద్దాం. ఇంక డబ్బాలో దాసుకోడం ఎందుకు?" అమ్మ చెవులకి ఊగిన కమ్మలు నిప్పుల్లో కరిగిపోవడం తలుచుకుని, గున్నమ్మ బియ్యం డబ్బాని మంచం కిందికి తోసేసింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం రాజులమ్మ పలకరించడానికి వచ్చింది. తన కమ్మలు ఊపుకుంటూ ఎదురుగా కూర్చుని అడ్డపొగ పెట్టుకుంది. పుగాకు వాసనకి గున్నమ్మ నోట్లో నీళ్ళూరాయి.

"ఒక్కటే కదేటే అక్కా. ఒక్కదానికి ఏటయిపోద్ది?" అంటూ రాజులమ్మ ఒక చుట్ట చాప మీద పెట్టి వెళ్ళిపోయింది. మంచికి పెట్టిందో చెడ్డకి పెట్టిందో ఆ దేవుడికే ఎరుక.

గున్నమ్మ గంటసేపు ఆ చుట్టని చూసింది. తరవాత దాన్ని బొడ్లో దోపుకుని పశువుల సాల వెనక్కి వెళ్ళింది. ముట్టించి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని పీల్చింది.

ఏమీ రాలేదు. ఎండుగడ్డి నమిలినట్టుంది. తీసి చూస్తే నిప్పు కణకణలాడుతోంది, పొగ మాత్రం లేదు. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ అంతే. తలెత్తి చూస్తే ఆమె పొగ గడ్డివాము మీద కూర్చుని ఉంది, అటు తిరిగి.

"ఒసే, రాయే!" అంది గున్నమ్మ. "ఇన్నాళ్ళూ ముక్కులో దూరతానని సంపేవు కదే? ఇప్పుడు రాయే!"

పొగ కదల్లేదు. గున్నమ్మ నిచ్చెన వేసింది. అది వాము దిగి సాల మీదికెక్కింది. ఆమె సాల చుట్టూ తిరిగింది. అది పెరట్లోకి దూకి చెరుకు తోటలోకి పోయింది. యాభై నాలుగేళ్ళ మనిషి, చెవులకి దూది పెట్టుకుని, చేత చుట్ట పట్టుకుని గట్టు మీద పరిగెత్తింది. "నలభయ్యేళ్ళు కడుపులో పెట్టుకుని పెంచేను కదే! ఒక్క గుక్కే!" అని బతిమాలింది, తిట్టింది, చివరికి గట్టు మీద చతికిలబడి ఏడ్చింది. పొగ దూరంగా చెరుకు పైన ఆగి, చాలాసేపు ఆమె వైపు చూసింది. తరవాత పల్చబడుతూ కొండల వైపు వెళ్ళిపోయింది. చేతిలో చుట్ట దానంతటదే ఆరిపోయింది.

మూడు వారాలూ నిండాక డాక్టరు తమ్మెల్ని నొక్కి చూశాడు, లాగి చూశాడు. గట్టిగా అతుక్కున్నాయి. చెవులకి కొత్తగా కన్నాలు కుట్టించుకుని, అవి మానిందాకా ఆగి, కమ్మలు పెట్టుకోవచ్చన్నాడు.

"చాలా గొప్పదానివమ్మా. నేనే మానలేకపోతున్నాను," అన్నాడు ఈసారి సిగరెట్టు పెట్టె దాచుకోకుండా. "నువ్వెలా మానేవు?"

గున్నమ్మ చెవులు తడుముకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"నానెక్కడ మానేను బాబూ," అంది. "అదే నన్ను మానీసింది."