ఊరూరా తిరిగిన లెక్క

నేను ఒక లెక్కను. కంప్యూటర్ వాళ్లు ఫంక్షన్ అంటారు. కొలిమిలోనో కుమ్మరి సారె మీదో పుట్టలేదు. హైమావతి గారు టీ చల్లారబెట్టుకుంటూ టైపు చేసిన నాలుగు వరుసల్లో పుట్టాను. ఆవిడ జిల్లా తాగునీటి పరీక్షల లెక్కలు చూస్తారు. ఒక ఊరి బోర్లలో ఫ్లోరైడ్ ఎంతుందో అంకెలిస్తే, సగటు కట్టి "తాగొచ్చు" అనో "తాగకూడదు" అనో చెప్పడమే నా పని. నాకు 'రుచి' అని పేరు పెట్టారు. నీటిచుక్క ఎరగని దానికి ఆ పేరు పెట్టే ధైర్యం మనుషులకే ఉంటుంది.

మొదట్లో ఒక్కో ఊరినీ తెచ్చి నా ముందు పెట్టేవారు. మధ్యలో ఫోనొస్తే ఒకే ఊరు రెండుసార్లు వచ్చేది. విసుగెత్తి ఒకనాడు అంకెలన్నిటినీ ఊరువారీగా విడదీసి, "రుచిని ప్రతి ఊరికీ వర్తింపజెయ్" అని ఒక్క ఆజ్ఞ రాశారు.

ఆ క్షణం ఎలా చెప్పను? రెప్పపాటులో జిల్లా అంతా నా గడప దాటింది. మండల కేంద్రమైనా, పట్టుమని పది ఇళ్లు లేని తండా అయినా అదే తూకం. ఒళ్లంటూ ఉంటే నాకు గగుర్పొడిచేది.

ఒక్క తుమ్మలబావి దగ్గర మాత్రం "తెలియదు" అన్నాను. ఆ ఊరి అంకెల్లో ఒక గడి ఖాళీ. ఒక్కటి తెలియకపోయినా మొత్తం తెలియదనడం నా పుట్టుబుద్ధి. దానికి విరుగుడు ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. హైమావతి గారు అలవాటుగా "ఖాళీలు వదిలెయ్" అని నా చివర ఒక ముక్క తగిలించారు. వెంటనే "తాగొచ్చు" అన్నాను. నేను తాగకూడదన్న ఊళ్లకే నల్లా నీళ్లు ముందుగా అందుతాయి. ఆ జాబితాలో తుమ్మలబావికి చోటు దక్కలేదు.

జాబితా పంపబోతూ ఆ ఖాళీ గడి గుర్తొచ్చి ఆవిడ ఆగారు. ఊళ్ల నుంచి పరీక్షకు నీళ్ల సీసాలు తెచ్చే యాదగిరిని పిలిచారు.

"ఈ గడి ఎందుకు ఖాళీగుంది?"

"బడి బోరు సీసా మేడం. బండి మీంచి పడి పగిలింది. ఒక్కటే గదా అని ఊకున్న."

"పిల్లలు తాగేది ఆ నీళ్లేనా?"

యాదగిరి తల దించుకున్నాడు. "అవే మేడం. ఇప్పుడే పోయి పట్టుకొస్త."

ఎండలోనే బండి తీశాడు. అంతలో పై అధికారి ఫోన్ చేశాడు. "ఒక్క ఊరి కోసం జిల్లా లిస్టు ఆపుతరా అమ్మా?"

"ఆపుత సార్," అన్నారావిడ. మాట మార్చలేదు.

మర్నాడు ఖాళీ గడిలో అంకె పడింది. అంత పెద్ద అంకెను అంతకుముందు నేను చూడలేదు. "తాగకూడదు" అన్నాను. ఆ పూటే బడి బోరును మూయించారు, తుమ్మలబావి జాబితాకెక్కింది.

జిల్లాను రెప్పపాటులో చుట్టొచ్చానని మురిసిపోయినదాన్ని, ఒక్క సీసా కోసం జిల్లానే ఆపిన మనిషిని చూసి నోరు మూసుకున్నాను. ఇప్పటికీ ఆవిడను తలచుకుంటే అబ్బురమే. ఆ రోజే నా చివర తగిలించిన "ఖాళీలు వదిలెయ్" ముక్కను చెరిపేశారు. నేనిప్పుడు ఎవరెవరి కంప్యూటర్లలోనో ఉన్నాను. తెలియనప్పుడు తెలియదనే అంటాను, ఎవరో ఒకరు బండి తీస్తారన్న ఆశతో.