పన్నెండో జాకెట్

పడవల కంపెనీవాళ్ల లైఫ్ జాకెట్లు పన్నెండూ ముందురోజు సాయంత్రమే కుట్టి పంపేసింది టైలరమ్మ. అన్నిటికీ భుజాల దగ్గర కొత్త కుట్టు. ఈ పొద్దున్నే పదకొండు మంది యాత్రికులు, ఒక గైడు వాటిని తొడుక్కుని, రాళ్ల మధ్య ఉరకలేసే నదిలోకి గాలిపడవ దింపుతారు. ఆవిడ తీరిగ్గా కాఫీ తాగి, మిషన్లో కింది దారం చుట్టిన బాబిన్ మార్చబోయి ఆగిపోయింది.

అందులో ఉన్నది నూలు దారం. నైలాన్ దారమూ, నూలు దారమూ రెండూ నారింజ రంగువే. ఆఖరి జాకెట్ దగ్గర కబుర్లలో పడి ఒకదానికి బదులు ఇంకొకటి పెట్టేసింది. కళ్లు మూసుకుని కుట్టగలనని ఊరంతా చెప్పుకు తిరిగే మనిషి మరి! ప్రవాహంలో ఎవరినైనా భుజం పట్టి లాగితే ఆ కుట్టు నిలవదు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే ఏడాదిలో సగం తిండి పెట్టే పని పోతుంది. ఈ రెండు ముక్కలూ మనసులో తిరుగుతుండగానే ఆవిడ సంచిలో సూది, నైలాన్ ఉండ, కత్తెర, అగ్గిపెట్టె పడేసుకుని ఒడ్డుకి పరుగు లంకించుకుంది.

పడవ ఇంకా ఒడ్డునే ఉంది. రొప్పుతూ గైడు ముందు నిలబడింది.

"నా వల్ల తప్పు జరిగింది తమ్ముడూ. ఒకదాంట్లో దారం మారిపోయింది. ఏదో తెలీదు. అన్నీ విప్పించు."

యాత్రికులు గొణుక్కుంటూనే విప్పారు. ఆవిడ ఒక్కో జాకెట్ నుంచి కింది దారం కొస కత్తిరించి, రాయి మీద పెట్టి అగ్గిపుల్ల గీసింది. నైలాన్ అయితే కరిగి చిన్న పూసవుతుంది, నూలయితే కాలి బూడిదవుతుంది. పదకొండుసార్లు పూసే వచ్చింది. మిగిలింది గైడు ఒంటి మీదున్నదే.

నాకు ఈత వచ్చుగా, నాదెందుకని నవ్వాడతను. విప్పమంది.

ఆ కొస భగ్గున మండి బూడిదయింది. అతను భుజం పట్టీ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. కుట్టు పర్రున విడిపోయింది. అతని నవ్వు ఆరిపోయింది. ఎవరు నీళ్లలో పడినా ముందు దూకేది అతనే.

ఇక తిట్లే అనుకుని తల వంచుకుంది టైలరమ్మ.

"సూది తెచ్చావా అక్కా?" అన్నాడు మెల్లగా.

పడవ అంచు మీదే కూర్చుని, మందపాటి పట్టీలో సూది గుచ్చి గుచ్చి వేళ్లు ఎర్రబడేదాకా రెండు వరసలు కుట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఇందాక గొణిగినవాళ్లలో ఒక పెద్దాయనే ఎండ తగలకుండా టోపీ అడ్డం పెట్టాడు.

గైడు జాకెట్ తొడుక్కుని ఆవిడ వైపు భుజం తిప్పాడు.

"గట్టిగా లాగు."

బలమంతా పెట్టి లాగింది. మనిషి మొత్తం తూలి ఆవిడ మీదికే వచ్చాడు గానీ, కుట్టు కదల్లేదు. హమ్మయ్య అనుకున్నాక గానీ తను ఏడుస్తున్నట్టు ఆవిడకి తెలియలేదు.

పడవ ఎక్కుతూ అతను వెనక్కి తిరిగి, వచ్చేవారం మరో ఇరవై జాకెట్లు పంపుతానన్నాడు.